పెట్టెలో బొమ్మల పుస్తకం, పైన ఒక అంకె

స్లాబ్ అనగానే మనకి గుర్తొచ్చేది ఇంటి పైకప్పు. పాత అమెరికన్ కామిక్స్ పోగేసేవాళ్ళకి మాత్రం స్లాబ్ అంటే గట్టి పారదర్శక ప్లాస్టిక్ పెట్టె. లోపల ఒక కామిక్ బుక్కు, పైన ఒక లేబుల్, దాని మీద 0.5 నుంచి 10.0 దాకా ఏదో ఒక అంకె. పెట్టెలోకి వెళ్ళిన పుస్తకాన్ని ఇక తెరవలేం, చదవలేం. అయినా దాని ధర బయట ఉన్న అదే పుస్తకం కంటే ఎక్కువే పలుకుతుంది. కారణం, కొనేవాడు డబ్బు పెడుతున్నది పుస్తకం ఒక్కదాని మీదే కాదు. దాని గురించి మూడో మనిషి చెప్పిన అభిప్రాయం మీద కూడా. ఎంత డబ్బు పుస్తకానికి, ఎంత డబ్బు అభిప్రాయానికి అన్నది తేల్చుకోలేనివాళ్ళే ఈ వ్యాపకంలో చేతులు కాల్చుకుంటారు.

ఈ మూడో మనిషి ఎందుకు కావాల్సి వచ్చిందో మొదట చూద్దాం. పాత కామిక్స్ వ్యాపారం చాలాకాలం పోస్టు మీద, ఆ తర్వాత ఇంటర్నెట్ వేలాల మీద నడిచింది. అమ్మేవాడు 'నియర్ మింట్' (దాదాపు కొత్తదే) అని రాసేవాడు, కొన్నవాడికి చేరేసరికి అట్ట మూల మడతపడి కనిపించేది. ఎవరి కళ్ళు వాళ్ళవి. అంతకంటే పెద్ద మోసాలూ ఉండేవి. పీలికలైన అంచుల్ని బ్లేడుతో సన్నగా కోసేయడం, రంగు పోయిన చోట స్కెచ్ పెన్నుతో దిద్దడం, చిరుగుకి లోపలివైపు జిగురు పెట్టడం. ఇవేవీ చెప్పకుండా అమ్మేసేవాళ్ళు. 2000లో అమెరికాలో సీజీసీ అనే సంస్థ మొదలై, అమ్మకంతో సంబంధం లేకుండా రుసుము తీసుకుని పుస్తకాన్ని పరిశీలించి, అంకె వేసి, పెట్టెలో పెట్టి సీలు చేయడం ప్రారంభించింది. 2014లో సీబీసీఎస్ పోటీకి వచ్చింది. ఇప్పటికీ బజార్లో ఎక్కువ ధర పలికేది సీజీసీ పెట్టెకే.

అంకె ఎలా పడుతుంది

పుస్తకం చేరగానే ముందు పేజీలు లెక్కపెడతారు. మామూలు 32 పేజీల కామిక్ అంటే మధ్యకి మడిచిన 8 పెద్ద కాగితాలు, వాటి మీద అట్ట, నడుమ రెండు పిన్నులు. నడిమి కాగితం పిన్నుల నుంచి ఊడి పడిపోవడం, కూపన్ కోసం ఎవరో పిల్లవాడు పేజీ కత్తిరించడం పాత పుస్తకాల్లో మామూలే. ఆ తర్వాత రిపేరు పనులేమైనా జరిగాయా అని చూస్తారు. ఆపైన ఒకరికి మించిన గ్రేడర్లు ఎవరికి వాళ్ళు చూసి అంకె వేస్తే, చివరి మాట ఒకరు చెబుతారు. పుస్తకం ఎవరిదో గ్రేడర్లకి తెలియనివ్వరు.

ఈ కొలబద్దలో మొత్తం 25 మెట్లున్నాయి, కానీ అవి సమానంగా లేవు. అడుగున 0.5, 1.0, 1.5, 1.8, 2.0, అక్కడి నుంచి 9.0 దాకా అరేసి చొప్పున, ఆ పైన 9.2, 9.4, 9.6, 9.8, 9.9, 10.0. అంటే పైకి పోయేకొద్దీ తేడా సన్నబడుతుంది. 4.0కీ 4.5కీ మధ్య ఒక మడత, ఒక చిన్న చిరుగు తేడా ఉండొచ్చు. 9.6కీ 9.8కీ మధ్య తేడా పిన్ను పక్కన వెంట్రుకవాసి గీతలు ఒకటో రెండో, లేదా మూల కాస్త మొద్దుబారడం. అలాంటి గీతలో రంగు చిట్లి తెల్లకాగితం కనిపిస్తే నష్టం ఎక్కువ, రంగు చిట్లకుండా వంపు మాత్రమే ఉంటే తక్కువ. నల్లటి అట్టలున్న పుస్తకాలకి 9.8 దొరకడం కష్టమన్నది ఇందుకే. నలుపు మీద తెల్లగీత దాక్కోదు.

లేబుల్ మీద పేజీల రంగు గురించి కూడా ఒక మాట ఉంటుంది: తెలుపు, తెలుపుకి దగ్గర, మీగడ రంగు, ఇలా కిందికి వెళ్ళి చివరికి పెళుసు. పాత కామిక్స్ అచ్చువేసింది చవక న్యూస్‌ప్రింట్ మీద. అందులో మిగిలిపోయిన లిగ్నిన్, ఆమ్లం కాలంతో కాగితాన్ని పసుపుగా మార్చి చివరికి అప్పడంలా విరిగేలా చేస్తాయి. అట్ట ఎంత మెరిసినా పేజీలు పెళుసైతే ఆ పుస్తకానికి ఆయువు తీరినట్టే. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 1938 నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 9.0 ప్రతి ఒకటి 2014లో 32 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినప్పుడు, అందరూ అంకె తర్వాత చెప్పుకున్నది తెల్లటి పేజీల గురించే.

9.8 అనే కొండచరియ

ఇక అసలు తలనొప్పి. ఇటీవలి కామిక్స్‌లో బజారు 9.8ని మాత్రమే 'మంచి కాపీ'గా లెక్కేస్తుంది. 9.6 అంటే దాదాపు ఓడిపోయినట్టే చూస్తారు. కళ్ళతో చూస్తే ఆ రెంటికీ తేడా చెప్పగలిగేవాళ్ళు తక్కువ, ధరలో మాత్రం పగలూ రాత్రీ అంత తేడా.

లెక్క కోసం కొన్ని అంకెలు ఊహించుకుందాం. విడిగా 40 డాలర్లకి దొరికే ఒక కొత్త కామిక్. 9.8 స్లాబ్ 150కి, 9.6 స్లాబ్ 70కి అమ్ముడుపోతాయి అనుకోండి. గ్రేడింగ్ 30, పుస్తకాన్ని ఇస్త్రీలా నొక్కించే ప్రెస్సింగ్ 15, రానూపోనూ పోస్టు ఖర్చులో వాటా 15. పుస్తకంతో కలిపి చేతి నుంచి పోయింది 100. వేలం సైటు సుమారు 13 శాతం తీసుకుంటుంది. 9.8 వస్తే చేతికి వచ్చేది 130.50, లాభం 30 డాలర్ల పైచిలుకు. 9.6 వస్తే వచ్చేది 60.90, నష్టం 39 పైచిలుకు. రెండింటికీ చెరి సగం అవకాశం ఉందనుకున్నా సగటున నాలుగు డాలర్ల నష్టం. అంటే మీరు పంపే ప్రతి రెండు పుస్తకాల్లో ఒకటి కచ్చితంగా 9.8 వచ్చినా సరిపోదు, అంతకంటే మెరుగ్గా ఏరగలగాలి. ఏరడం రానివాళ్ళు పంపే పార్శిళ్ళ మీద గ్రేడింగ్ కంపెనీ, పోస్టు, వేలం సైటు మూడూ బతుకుతాయి.

అందువల్ల పంపే ముందు ఇంట్లోనే గ్రేడర్ పని చేయాలి. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. పుస్తకాన్ని కవరులోంచి తీసేటప్పుడు కవరు మూతకున్న టేపుని మొత్తం ఊడదీసి పక్కన పెట్టండి. సగం ఊడిన టేపు అట్టకి అంటుకుని పైపొరను లాగేసిన పుస్తకాలు లెక్కలేనన్ని. బల్ల మీద ఒక పక్కనుంచి మాత్రమే పడే దీపం వెలుతురులో పుస్తకాన్ని నెమ్మదిగా వంచుతూ చూడండి. ఎదురుగా పడే వెలుతురులో కనిపించని వేలి వంపులు, సొట్టలు అప్పుడు తేలతాయి. ముందు అట్ట చూసి సంబరపడి వెనక అట్ట మరిచిపోవడం అందరూ చేసే తప్పు. గ్రేడర్లకి రెండు అట్టలూ ఒకటే.

ప్రెస్సింగ్

పైన లెక్కలో ప్రెస్సింగ్ అని ఒక ఖర్చు ఉంది. ఇస్త్రీ లాంటిదే. పుస్తకానికి కొంచెం తేమ పట్టించి, సిలికాన్ పూసిన కాగితాల మధ్య పెట్టి, ఫొటోలకి అట్టలంటించే వేడి ప్రెస్సులో నొక్కుతారు. వేడి సాధారణంగా 65 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య. ఆ తర్వాత బరువు కింద గంటల తరబడి, చాలామంది రాత్రంతా, చల్లారనిస్తారు. చల్లారకముందే తీస్తే వంపులు కొన్నాళ్ళకి తిరిగొచ్చేస్తాయి.

రంగు చిట్లని వంపులు, సొట్టలు, ఒక పక్కకి ఒరిగిన వెన్ను సర్దుకుంటాయి. రంగు చిట్లిన గీతకి, చిరుగుకి, మరకకి ప్రెస్సింగ్ ఏమీ చేయలేదు. తేమ, వేడి మోతాదు మించితే అట్ట కాస్త కుంచించుకుపోయి కుడి అంచున లోపలి పేజీలు బయటికి తొంగిచూస్తాయి. అది ఇక బాగుపడదు. పిన్నుల చుట్టూ తుప్పు, జిగురుతో కట్టిన లావుపాటి సంచికల్లో జిగురు కరగడం, మెరుపు అట్టల మీద రంగు అంటుకోవడం అదనం.

దీన్ని రిపేరుగా లెక్కించాలా వద్దా అన్న గొడవ ఇరవై ఏళ్ళుగా ఉంది. సీజీసీ లెక్కించదు. పైగా ప్రెస్సింగ్ చేసే సీసీఎస్ అనే సంస్థ సీజీసీకి తోడబుట్టిందే. ఒక చేత్తో ఇస్త్రీ చేసి రెండో చేత్తో మార్కులు వేయడం ఇదని గొణిగేవాళ్ళున్నారు. ఆ గొణుగుడులో న్యాయం లేకపోలేదు. అయినా 8.0 నుంచి 9.0కి ఎక్కే అవకాశం ఉన్న పుస్తకాన్ని ప్రెస్ చేయకుండా పంపడం ఈరోజుల్లో డబ్బు వదులుకోవడమే. బజారు ఎప్పుడో ఒప్పేసుకుంది.

లేబుల్ రంగులు

నీలం అంటే మామూలు గ్రేడు. పసుపు అంటే కంపెనీ మనిషి కళ్ళెదుట రచయితో చిత్రకారుడో సంతకం చేసినది. సాక్షి లేకుండా సంతకం పెట్టించుకుంటే అది నిజమైనదే అయినా సీజీసీ లెక్కలో ప్రధానంగా అట్ట మీద రాత, అంటే లోపం. మార్వెల్ కామిక్స్ రచయిత స్టాన్ లీ 2018 నవంబరులో చనిపోయాడు కాబట్టి ఆయన సంతకం ఉన్న పసుపు లేబుళ్ళు ఇక కొత్తగా పుట్టవు. పాత సంతకం అసలుదో కాదో పరిశీలించి చెప్పే సేవలు వేరే ఉన్నాయి, వాటి ధర పసుపు దాకా రాదు.

ఊదా రంగు చూస్తే కొనేవాళ్ళు వెనక్కి తగ్గుతారు. పుస్తకానికి రంగు దిద్దారనో, అంచులు కోశారనో, ముక్కలు అతికారనో అర్థం. ధర దారుణంగా పడిపోతుంది. నిజానికి నాలుగు డబ్బులు మాత్రమే ఉండి, ఎనభై ఏళ్ళ నాటి ముఖ్యమైన సంచిక ఒకటి ఇంట్లో ఉండాలనుకునేవాడికి ఊదా లేబులే మంచి దారి. అంచు కోసిన పుస్తకం మాత్రం వేరు. రంగు దిద్దింది తీసేయించే అవకాశం ఉంది, కోసింది తిరిగి అతకదు.

ఆకుపచ్చ లేబుల్ ఇంకా విచిత్రం. 'ఈ ఒక్క పెద్ద లోపాన్ని పక్కనపెడితే గ్రేడు ఇంత' అని చెప్పడం. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 1974 నాటి ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181వ సంచిక. వుల్వరిన్ పూర్తిస్థాయిలో కనిపించిన మొదటి కథ. ఆ రోజుల్లో మార్వెల్ సంస్థ తన కామిక్స్‌లో పిల్లలు కత్తిరించి ఆల్బంలో అంటించుకోవడానికి స్టాంపులు అచ్చువేసేది. ఈ సంచికలో ఉత్తరాల పేజీ మీద షానా అనే పాత్ర బొమ్మ ఉన్న స్టాంపు ఉంది. పిల్లలు చెప్పినట్టే కత్తిరించారు. ఫలితంగా అట్ట అద్దంలా ఉన్నా లోపల అంగుళమంత కంత ఉన్న పుస్తకాలు లెక్కకి మించి తిరుగుతున్నాయి. విడిగా హల్క్ 181 కొంటున్నప్పుడు మొదట అడగాల్సింది ఆ స్టాంపు ఫొటో. ఆ ఉత్తరాల పేజీ చూపించడానికి అమ్మేవాడు తటపటాయిస్తే బేరం అక్కడే ఆపేయొచ్చు.

పెట్టె చేసే ద్రోహం

పెట్టెలో పెట్టేశాం కదా, ఇక భద్రం అనుకుంటారు. స్లాబ్ గాలి చొరబడని పెట్టె కాదు. ఎండని ఆపదు. కిటికీ ఎదురుగా గోడకి తగిలిస్తే కొన్నేళ్ళకి ఎరుపు వెలిసి గులాబీ అవుతుంది, లేబుల్ మీది అంకె మాత్రం మారదు. పుస్తకానికీ పైపొరకీ మధ్య ఇంద్రధనుస్సు వలయాలు కనిపించడం మరో చికాకు. రెండు నున్నటి ప్లాస్టిక్ పొరలు దాదాపు తగిలేంత దగ్గరైనప్పుడు వెలుతురు అలా విరుగుతుంది. వీటిని న్యూటన్ వలయాలంటారు. 2016లో సీజీసీ పెట్టె డిజైన్ మార్చినప్పుడు వీటి మీద పెద్ద రభసే జరిగింది. పుస్తకానికి హాని లేదు, చూడటానికి మాత్రం చిరాకు.

అసలు హాని ఇంకొకటి. పెట్టెని కింద పడేసినా, పోస్టులో బాగా కుదిపినా లోపలి పుస్తకం జారి అట్ట మూల కవరు అంచుకి కొట్టుకుంటుంది. అట్ట పిన్ను దగ్గర చిరుగుతుంది. 9.8 అని రాసున్న పెట్టెలో 9.2 పుస్తకం కూర్చుని ఉంటుంది. అందుకే స్లాబ్ కొనేటప్పుడు అంకె కాదు, పుస్తకాన్ని చూడాలి. ముందూ వెనకా పెద్ద ఫొటోలు అడిగి, మూలలు, పిన్నుల చుట్టూ, వెన్ను పొడవునా చూసుకోవాలి. సర్టిఫికేషన్ నంబరు కంపెనీ సైటులో కొట్టి, పేరు, గ్రేడు, పేజీల రంగు సరిపోయాయో లేదో చూడటం కనీసం. గ్రేడర్ రాసుకున్న లోపాల చిట్టా అక్కడ ఉంటే, ఆ లోపాలు మీరు చూస్తున్న పుస్తకంలోనే ఉన్నాయా అని పోల్చుకోవాలి. లేబుల్ మీద లేని పెద్ద లోపం కనిపించినా అనుమానమే, రాసిన లోపం కనిపించకపోయినా అనుమానమే. పెట్టె అంచుల్లో తెల్లటి ఒత్తిడి మచ్చలు, పగుళ్ళు ఉంటే దాన్ని ఎవరో తెరవడానికి ప్రయత్నించి ఉండొచ్చు.

ఇది వట్టి భయం కాదు. పగిలిన పెట్టెని పంపితే గ్రేడు మార్చకుండా కొత్త పెట్టెలో పెట్టి ఇచ్చే సదుపాయం ఉంది. దాన్నే వాడుకుని ఎక్కువ గ్రేడు పెట్టెల్లోకి తక్కువ నాణ్యత పుస్తకాల్ని చేర్చి, కొత్త పెట్టె వేయించుకుని అమ్ముతున్న వ్యవహారం 2023 చివర్లో బయటపడింది. పట్టుకున్నది కంపెనీ కాదు, పాత వేలం ఫొటోలని కొత్త ఫొటోలతో పక్కపక్కన పెట్టి చూసిన సేకర్తలు. ఆ తర్వాత సీజీసీ అనుమానించాల్సిన 350కి పైగా సర్టిఫికేషన్ నంబర్ల జాబితా విడుదల చేయాల్సి వచ్చింది. పెద్ద మొత్తం పెడుతుంటే ఆ పుస్తకం పాత అమ్మకాల ఫొటోలు వెతికి, అచ్చు లోపాలు, పిన్ను వంపు, అట్ట కోత కొంచెం వంకరగా పడిన తీరు పోల్చుకోవడం గంట పని. ఏ రెండు ప్రతులూ ఈ విషయంలో ఒకేలా ఉండవు.

తేమ ఊళ్ళ సంగతి

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళలో ఈ వ్యాపకం ఉన్నవాళ్ళకి పంపడం తేలిక, దేశంలోపలి పోస్టు చాలు. హైదరాబాదు నుంచో విశాఖ నుంచో పంపేవాళ్ళకి రెండు వైపులా విమాన పార్శిలు, కస్టమ్స్ కాగితాలు తోడవుతాయి. వెళ్ళేటప్పుడే ఇది అమ్మకం కాదని, పరిశీలించి వెనక్కి వచ్చే సొంత వస్తువని ఇన్వాయిస్‌లో రాసి, ప్రతి పుస్తకం పేరూ సంచిక నంబరూ విడివిడిగా వేసి, పంపినప్పటి రసీదులన్నీ దాచుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు ఇది నాదేనని చూపించాల్సింది ఆ కాగితాలతోనే. ఒక్కో పుస్తకాన్ని కవరులో బోర్డుతో పెట్టి, రెండు గట్టి అట్టముక్కల మధ్య కట్టి, అట్టపెట్టెని ఇంకో అట్టపెట్టెలో పెట్టి పంపడం తప్పనిసరి. అట్టముక్కలు పుస్తకం కంటే అన్ని వైపులా అంగుళం పెద్దవిగా ఉండాలి, లేకపోతే దెబ్బ పుస్తకం మూలకే తగులుతుంది. ఇంత ఖర్చుకి తట్టుకునే పుస్తకాలు మన దగ్గర తక్కువే. 2004లో మన దేశంలోనే మొదట వెలువడిన స్పైడర్‌మ్యాన్ ఇండియా సంచికల్లాంటివి చేతిలో ఉంటే ఆలోచించొచ్చు, అదీ అట్ట మూలలు పదునుగా ఉంటేనే.

పంపినా పంపకపోయినా వాతావరణంతో పోరు తప్పదు. కాగితానికి హాయి 18 నుంచి 21 డిగ్రీలు, 40 నుంచి 50 శాతం తేమ. సముద్రం ఒడ్డు ఊళ్ళల్లో వానాకాలంలో తేమ 80 దాటడం మామూలు. ముందు తుప్పుపట్టేవి పిన్నులు. తుప్పు కాగితంలోకి దిగిందంటే గ్రేడు జారుతుంది. తర్వాత వెండిచేప పురుగులు అట్ట మీది పైపొరని గీకి తింటాయి. ఇనప బీరువాలో తేమ పీల్చే సిలికా జెల్ పెట్టి, నెలకోసారి దాన్ని వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ వాడటం చవకైన దారి. మామూలు పాలిథిన్ కవరు చూడటానికి బాగున్నా ఏళ్ళు గడిస్తే పసుపుపడి జిగటబారుతుంది. దీర్ఘకాలానికి మైలార్ రకం పాలియెస్టర్ కవరు, ఆమ్లం లేని బోర్డు. బోర్డుకి సున్నపు పూత ఒక పక్కే ఉంటే ఆ పక్క పుస్తకం వైపు ఉండాలి.

వాతావరణం ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఎడ్గర్ చర్చ్ సేకరణని మించింది లేదు. కొలరాడోలో ఉండే ఈ వాణిజ్య చిత్రకారుడు 1930ల నుంచి కొన్న వేల కామిక్స్‌ని చీకటి గదిలో దొంతరలుగా పేర్చుకున్నాడు. 1977లో అవి మైల్ హై కామిక్స్ యజమాని చక్ రొజాన్స్కీ చేతికి వచ్చినప్పుడు, నలభై ఏళ్ళ నాటి పుస్తకాలు కొత్తవాటిలా ఉన్నాయి. కొండప్రాంతపు పొడి చల్లగాలి, చీకటి, పైనున్న దొంతర బరువు. ఎవరూ కావాలని భద్రపరచలేదు. ఆ పుస్తకాల లేబుల్ మీద ఇప్పటికీ ఆ సేకరణ పేరు వేస్తారు, ఆ పేరుకే అదనపు ధర. ఈ వ్యాపకంలో ఉన్న నిజమైన సంతోషం అక్కడ కనిపిస్తుంది. ఫలానా పుస్తకం ఎవరి ఇంట్లో, ఎలాంటి గదిలో బతికి మన దాకా వచ్చిందో తెలియడం. అంకె దానికి సమాధానం చెప్పదు గానీ, పెన్సిలుతో ఎవరో అట్ట మీద వేసుకున్న తేదీ చెబుతుంది. గ్రేడర్లు అలాంటి చిన్న తేదీ రాతని పాత పుస్తకాల మీద పెద్దగా పట్టించుకోరు కూడా.

అందుకే అనుభవజ్ఞుల్లో చాలామంది 9.8 పరుగు వదిలేసి, ముఖ్యమైన పాత సంచికల్ని 3.0, 4.0ల్లో కొంటారు. పేజీలన్నీ ఉండి, పిన్నులు అట్టని పట్టుకుని, రిపేరు లేకపోతే చాలు. ఒక గ్రేడు అటూ ఇటూ అయినా ధర కూలిపోదు.

చివరగా పెట్టె తెరవడం. చదవాలనిపించినా, ప్రెస్ చేసి మళ్ళీ పంపాలనిపించినా తెరవచ్చు, నేరమేమీ కాదు. పెట్టె పైమూలని కట్టింగ్ ప్లయర్‌తో కొరికి, సందులో వెడల్పాటి స్క్రూడ్రైవరు పెట్టి అంచు వెంబడి మెల్లగా తిప్పుతూ రావాలి. బలం పెడితే పెట్టె ముక్క లోపలికి దిగి అట్టని చీరుతుంది. లోపలి మెత్తటి కవరుని కత్తెరతో మూడు వైపులా పుస్తకానికి దూరంగా కోసి, పుస్తకాన్ని లాగకుండా కవరు పైపొరని పుస్తకం తెరిచినట్టు ఎత్తాలి. లేబుల్ పారేయకూడదు. కంపెనీకి తిరిగి పంపితే ఆ ప్రతిని తమ సెన్సస్‌లోంచి, అంటే గ్రేడు చేసిన ప్రతుల జనాభా లెక్కల్లోంచి తీసేస్తారు. ఎక్కువమంది పంపరు. ఒకే పుస్తకం మూడుసార్లు తెరిచి మూడుసార్లు గ్రేడు చేయించుకుంటే సెన్సస్‌లో మూడు పుస్తకాలుగా లెక్కకొస్తుంది. 'ప్రపంచంలో 9.6లు ఇన్నే ఉన్నాయి' అని అమ్మేవాడు చూపించే పట్టికలో ఇలాంటి దయ్యపు ప్రతులు ఎన్నున్నాయో ఆ పట్టిక వేసిన కంపెనీకే తెలియదు.